ఉట్నూరు ఆటపాటలు: వేదిక ఎక్కినవి, ఎక్కనివి

మన సంఘం ప్రత్యేక సంచికకు ఉట్నూరు ప్రాంతంలో జరిగిన కళాప్రదర్శనల గురించి, నాటకాల గురించి నాలుగు మాటలు రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నేను ఉపాధ్యాయుడిగా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఉట్నూరు ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లోనే గడిపాను. ఆ పరిచయంతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

నాటకమనగానే మన తరం వారికి పరదాలు, హార్మోనియం, పద్యాలు, ముఖాన రంగు పూసుకున్న కృష్ణుడు గుర్తుకు వస్తారు. కళాప్రదర్శన అంటే ఒక హాలు, గోడలకు తగిలించిన బొమ్మలు, రిబ్బను కత్తిరించే అతిథి. ఈ లెక్కన వెదికితే పాత ఉట్నూరులో దొరికేది బహు తక్కువ. పాఠశాల వార్షికోత్సవాల్లో మేం పిల్లల చేత వేయించిన నాటికలు, పండుగల నాడు ఉద్యోగుల కాలనీలో వేసుకున్న హాస్య రూపకాలు, మైదాన గ్రామాల వైపు వెళితే చిరుతల రామాయణం, ఇంతే. అందుకే బదిలీ మీద వచ్చిన కొత్త ఉద్యోగులు చాలామంది "ఇక్కడ కాలక్షేపానికి ఏమీ లేదు" అని నిట్టూర్చేవారు. ఏజెన్సీ పోస్టింగును శిక్షగా భావించే రోజులవి.

అయితే ఆ మాట అన్నవారే దీపావళి ముందు ఒక్క రాత్రి ఏదైనా గోండు గూడెంలో ఉండి వస్తే మాట మార్చుకునేవారు. వేదిక, టికెట్టు, పరదా లేని నాటకం అక్కడ తెల్లవార్లూ నడిచేది. దాని సంగతి ముందు చెబుతాను.

దండారి, గుస్సాడి

ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు, జైనూరు, సిర్పూర్ (యు), కెరమెరి ప్రాంతాల రాజ్‌గోండులకు దీపావళి అంటే దండారి పండుగ. భోగి పూజతో వాద్యాలను, ఆట సామగ్రిని బయటికి తీస్తారు. పండుగ పూర్తయ్యాక కోలబోడి అనే తంతుతో వాటిని మళ్లీ భద్రపరుస్తారు. ఈ నడుమ రోజుల్లో ఒక ఊరి బృందం ఇంకో ఊరికి ఆడడానికి వెళుతుంది. దండేపల్లి మండలం గుడిరేవు దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న పద్మల్‌పురి కాకో సన్నిధికి కూడా అనేక బృందాలు చేరుకుంటాయి.

బృందంలో గుస్సాడీలు ముఖ్యులు. తలమీద నెమలి ఈకల పెద్ద కిరీటం ఉంటుంది. దాన్ని మల్‌బూర అంటారు. గోండి భాషలో మల్ అంటే నెమలి. ఒంటినిండా బూడిద, పెట్టుడు గడ్డం, మెడలో పూసలు, నడుముకు, కాళ్లకు గజ్జెలు, భుజాన మేకతోలు, చేతిలో కర్ర. గుస్సాడి వేషం కట్టినవాడు ఆ రోజుల్లో స్నానం చేయడు. అతణ్ణి మామూలు మనిషిగా చూడరు, దేవుడు పూనిన వాడిగా మన్నిస్తారు. అతనితోపాటు ఆడవేషం వేసిన మగపిల్లలు ఉంటారు, వారు పోరికులు. డప్పు, తుడుం, పేప్రె, కాలికోం మోగుతుంటే బృందం ఊరి పొలిమేరకు చేరుతుంది.

అక్కడి నుంచి జరిగేదంతా నాటకమే అని నాకు అనిపిస్తుంది. ఊరిపెద్ద ఎదురు వెళ్లి ఆహ్వానిస్తాడు. ఆలింగనాలు, రాం రాంలు అవుతాయి. కంబళ్లు పరుస్తారు. రాత్రి భోజనాలయ్యాక వలయంగా ఆట మొదలవుతుంది. ఆటకు ఆటకు నడుమ హాస్య ఘట్టాలు వేస్తారు. ఏ ఊళ్లోనైనా జనానికి తెలిసిన పాత్రలే వస్తాయి. పీనాసి షావుకారు, బెదిరించే జవాను, కోపిష్టి భార్య వంటివి. సర్కారు ఉద్యోగి కూడా వాళ్ల చేతిలో తప్పించుకోలేడు. ఒక గూడెంలో రిజిస్టరు చంకన పెట్టుకుని, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి పిల్లల హాజరు పిలిచే మాస్టరు వేషం చూసి నేనే అందరికంటే ఎక్కువ నవ్వాను. రాసిన సంభాషణలు ఉండవు. అయినా ఎక్కడ నవ్వించాలో, ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలుసు.

ఇందులో గమనించవలసింది మరొకటి ఉంది. బృందం తనకు తోచిన ఊరికి వెళ్లదు. పిలుపు ఉండాలి, చుట్టరికం ఉండాలి. గోండులు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా ఉంటారు. ఒకే సగ వారి మధ్య పెళ్లి కుదరదు. సంబంధాలు కలిసే ఊళ్ల మధ్యే రాకపోకలు ఎక్కువ. దండారి రాత్రుల్లో పెద్దలు పంటల గురించి, పెళ్లిళ్ల గురించి, పాత తగాదాల గురించి మాట్లాడుకుంటారు. ఆట చూడడానికి వచ్చినవారు, ఆడడానికి వచ్చినవారు అనే తేడా అక్కడ సగమే. ఈ ఏడు అతిథిగా వచ్చిన ఊరు వచ్చే ఏడు ఆతిథ్యం ఇస్తుంది. ఆటను బతికించింది ఈ ఇచ్చిపుచ్చుకోవడమే.

కిక్రి పలికితేనే దేవుడు

దండారి ఊరందరిదీ. గోండుల పురాణం మాత్రం ప్రధానులది, తోటీలది. ప్రధానులనే పటాడీలు అని కూడా అంటారు. ఒక్కొక్క ప్రధాన్ కుటుంబానికి కొన్ని గోండు కుటుంబాలతో తరతరాల బంధం ఉంటుంది. పెర్సాపేన్ పూజల్లో, చావుపుట్టుకల్లో వీరు వచ్చి కిక్రి వాయిస్తూ వంశగాథ పాడాలి. కిక్రి మూడు తీగల వాద్యం, కమానుతో వాయిస్తారు. పహండి కుపార్ లింగాల్ గుహలో బందీలైన గోండు దేవతలను విడిపించిన కథ, ఒక్కొక్క సగ ఎలా ఏర్పడిందన్న కథ, అన్నీ ఈ పాటల్లోనే ఉన్నాయి. ఆ గాథల్లో హీరాసుక అనే ఆది ప్రధాన్‌కు ప్రత్యేక స్థానం ఉంది. ఇక్కడి ప్రధానులు చాలామంది ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, పాట మాత్రం గోండిలో పాడతారు.

మన మైదాన ప్రాంతాల్లోనూ ఇటువంటి ఏర్పాటు ఉండేది. చిందు భాగవతులకు, పటం కథలు చెప్పేవారికి ఫలానా కులాల మీద హక్కు ఉండేది. చేర్యాల నకాషీలు గజాల కొద్దీ బట్ట మీద బొమ్మలు గీస్తే, కథకులు ఆ పటాన్ని విప్పుతూ ఊరూరా కథ చెప్పేవారు. చిత్రకళా ప్రదర్శన, నాటకం అక్కడ ఒక్కటే. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ పేరు మన పాఠకులకు కొత్త కాదు. ఈ కళలన్నిటికీ ఆధారం ఒకటే: కళాకారుడికి గింజలు పెట్టవలసిన ఇళ్లు ఏవో ముందే తెలుసు, ఆ ఇళ్లకు తమ పుట్టుక చెప్పేవాడు ఎవడో తెలుసు. ఏదో ఒక వైపు ఈ తాడు తెగితే కళ కుంటుపడుతుంది.

కేస్లాపూర్, ఏటేటా తెరిచే ప్రదర్శనశాల

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్యమాస అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. పూజ మెస్రం వంశీయులది. వారు కాలినడకన జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తలమడుగుకు వెళ్లి గోదావరి జలం తెస్తారు. సిరికొండలోని కుమ్మరి కుటుంబం పూజకు కావలసిన కుండలు చేసి ఇస్తుంది. వంశానికి కొత్తగా వచ్చిన కోడళ్లను భేటింగ్ అనే తంతులో దేవుడికి పరిచయం చేస్తారు. 2022 డిసెంబరులో ప్రారంభమైన కొత్త ఆలయాన్ని మెస్రం వారు తమ విరాళాలతోనే కట్టుకున్నారు.

ఆ కుండలను, ఆ కలశాన్ని, పిలుపుకోసం బయలుదేరే ఎడ్లబండిని, కోడళ్ల తెల్లచీరలను వరుసగా చూసినవాడికి వేరే మ్యూజియం ఎందుకు అనిపిస్తుంది. ప్రతి వస్తువు ఏ ఇంటి వారు చేయాలో, ఎవరు మోయాలో, ఎక్కడ దించాలో నిర్ణయమై ఉంది. జాతరలోనే ప్రభుత్వ శాఖల స్టాళ్లు పెట్టేవారు. మనలో వ్యవసాయ, వైద్య, విద్యా శాఖల్లో పనిచేసిన మిత్రులు ఎంతమంది ఆ చలిలో స్టాళ్ల వెనుక రాత్రుళ్లు కాపలా ఉన్నారో లెక్కలేదు. జనం మన చార్టులను చూసి, మనం వారి ఆటను చూసి, ఎవరి ప్రదర్శన వారు ముగించుకునేవాళ్లం.

జైనూరు మండలం ఉషేగాం ఓజాల ఇత్తడి పని కూడా ఈ వరుసలోనిదే. మట్టితో ఆకారం చేసి, మైనాన్ని సన్నని తీగలుగా లాగి దానిపై చుట్టి బొమ్మ తీరుస్తారు. పైన మళ్లీ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి పోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొట్టాలి. అందుచేత ఒక బొమ్మలాంటిది మరొకటి ఉండదు. దేవతామూర్తులు, గజ్జెలు, గంటలు వారు గోండుల పూజల కోసమే చేసేవారు. తరువాత నగరాల ఎగ్జిబిషన్లకు నెమళ్లు, ఏనుగులు చేయడం మొదలైంది. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు లభించింది. నిర్మల్ కొయ్యబొమ్మలకు ఉన్నట్టే దీనికీ ఇప్పుడు చట్టపరమైన పేరు ఉంది.

చూసినవారు, రాసినవారు

ఈ ఆటపాటలు కాగితం మీదికి, ఫొటోల్లోకి ఎప్పుడు ఎక్కాయో కూడా చెప్పుకోవాలి. 1940లో జోడేఘాట్ అడవుల్లో కుమ్రం భీం నేలకొరిగాడు. ఆ పోరాటం తరువాతే నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవాలనుకుంది. ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1941లో ఈ ప్రాంతానికి వచ్చి, భార్య బెట్టీ ఎలిజబెత్‌తో మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. కేస్లాపూర్ జాతరలో జరిగే దర్బారు ఆ 1940ల లోనే మొదలైంది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం తెరిచారు. గోండిలో వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాణ్ణి కనుక ఈ సంగతి రాసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

ఆయన రాజ్‌గోండుల మీద రాసిన గ్రంథం 1948లో వెలువడింది. దండారి ఆటను, ప్రధానుల పాటను ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల విద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరిలో హైదరాబాద్‌లో మరణిస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో కన్నుమూశారు. 2012లో ఆయన అస్థికలను కూడా ఇక్కడికి తెచ్చారు. ఏటా జనవరి 11న మార్లవాయిలో వర్ధంతి జరుపుతారు. ఆ సభలోనూ ఆటపాటలు ఉంటాయి.

మన జిల్లా విశ్రాంత ఉద్యోగుల్లో సామల సదాశివ గారిని తలచుకోకుండా కళల గురించి రాయడం బాగుండదు. ఆయన వృత్తిరీత్యా అధ్యాపకులు. ఆదిలాబాద్‌లో కూర్చుని హిందుస్తానీ సంగీతాన్ని తెలుగు పాఠకుడి ఇంటికి తెచ్చారు. 'స్వరలయలు' గ్రంథానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2012లో ఆయన పోయారు. తాను విన్నది, చూసినది యాది పెట్టుకుని రాయడం ఎంత పెద్ద సేవో ఆయన జీవితం మనకు చెబుతుంది.

వేదిక ఎక్కిన గుస్సాడి

మార్లవాయి నివాసి కనకరాజు గుస్సాడీగా 1981లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవ వేడుకల్లో ఆడారు. గూడెం ఆట దేశం ముందుకు వెళ్లింది. అదే ఏడు ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సంత రోజున, సభకు వచ్చిన ఆదివాసులపై పోలీసు కాల్పులు జరిగాయి. మరణించినవారు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది, అంతకంటే చాలా ఎక్కువ అని జనం చెప్పారు. జనవరిలో ఆటకు చప్పట్లు, ఏప్రిల్‌లో భూమి గురించి అడిగితే తూటాలు. అప్పటి ఉద్యోగులకు ఆ ఏడాది ఇంకా మనసులో మెదులుతూనే ఉంటుంది. అమరుల స్తూపం దగ్గర ఏప్రిల్ 20న గుమిగూడడానికి ఏళ్ల తరబడి అనుమతి ఉండేది కాదు.

1986లో ఆదిలాబాద్ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక గోండి పాట రేడియోలో వినిపించింది. హాస్టల్ పిల్లలు తమ భాష పెట్టెలోంచి రావడం విని మొదట నవ్వారు, తరువాత నిశ్శబ్దంగా కూర్చుని విన్నారు. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఉత్సవాలకు, మంత్రుల పర్యటనలకు, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి గుస్సాడి బృందాలను పిలవడం రానురాను ఆనవాయితీ అయింది.

దీనివల్ల మేలు జరిగింది. దారి ఖర్చులు, నాలుగు రూపాయలు దొరికాయి. చదువుకున్న గోండు యువకులు మల్‌బూర పెట్టుకోవడానికి సిగ్గుపడడం తగ్గింది. కాని కష్టం కూడా ఉంది. ఒకసారి ఒక కార్యక్రమానికి మా గూడెం బృందం వెంట నేను వెళ్లాను. పొద్దున 8 గంటలకు రమ్మన్నారు. ముఖ్య అతిథి మధ్యాహ్నం 2 దాటాక వచ్చారు. అంతవరకు ఆ బూడిద, గడ్డం, కిరీటాలతో బృందం ఎండలో కూర్చుంది. తీరా 5 నిమిషాలు ఆడగానే మైకులో చాలు అన్నారు. వాళ్లకు భోజనం సంగతి ఎవరికీ గుర్తు లేదు. తిరుగు ప్రయాణంలో బృందం పెద్దాయన కోపగించుకోలేదు. తమను పిలిచింది ఎవరో, తిరిగి తాము ఎవరిని పిలవాలో తెలియలేదని మాత్రం అన్నాడు.

ఆ మాట నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది. గూడెంలో ఆటకు జవాబుగా మరుసటి ఏడు మరో ఆట ఉంటుంది. వేదిక మీద ఆటకు జవాబు లేదు, శాలువా ఉంది.

ప్రధానుల మరో దారి

ఇదే ప్రధానుల వంశాలు మధ్యప్రదేశ్‌లో ఎటు వెళ్లాయో చూస్తే మనకు ఒక పోలిక దొరుకుతుంది. అక్కడ పాటన్‌గఢ్ గ్రామానికి చెందిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ ప్రధాన్ కులస్థుడు. 1980ల ఆరంభంలో, భోపాల్‌లో భారత్ భవన్ ఏర్పడుతున్న కాలంలో, చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం ఆయన ప్రతిభను గుర్తించింది. పాటలో ఉన్న దేవుళ్లు కాగితం మీదికి, కాన్వాసు మీదికి వచ్చారు. 1989లో ప్యారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఆయన బొమ్మలు పెట్టారు. 2001లో జపాన్‌లో ఆయన చిన్న వయసులోనే మరణించడం విషాదం. అయితే ఆయన చూపిన దారిలో పాటన్‌గఢ్ కుటుంబాలు చాలా చిత్రకళతో జీవనం సాగిస్తున్నాయి. లోకం నేడు గోండు చిత్రకళ అంటున్నది ప్రధానంగా ఈ ప్రధానుల కళే.

మన వైపు ప్రధానులు, తోటీలు కుంచె పట్టలేదు, కిక్రి పట్టుకునే ఉన్నారు. బొమ్మను కొనుక్కుని గోడకు తగిలించుకోవచ్చు. రాత్రంతా పాడే గాథను కొనుక్కుని ఎక్కడ పెట్టుకుంటారు? దాన్ని వినడానికి మనుషులు కూర్చోవాలి, వారికి గోండి రావాలి, వారి సగ కథ వారికి కావాలి. అందుకే ఇక్కడి కళకు బజారు తక్కువ, ప్రమాదం ఎక్కువ. పెద్ద ప్రధాన్ ఒకడు పోతే ఎన్ని రాత్రుల పాట అతనితో పోయిందో లెక్క కట్టలేం.

దీనికి ఎదురుగా ఆశ కలిగించేవి కూడా ఉన్నాయి. నార్నూరు మండలం గుంజాలలో గోండులు తమ సొంత లిపిలో రాసుకున్న పాత ప్రతులు ఉన్నాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి వారి కృషితో అవి లోకానికి తెలిశాయి. 2018లో గుంజాల గోండి లిపి కంప్యూటర్ల యూనికోడ్‌లో చేరింది. కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఢిల్లీలో ఆ పురస్కారం అందుకున్న రోజున ఉట్నూరు నుంచి ఆసిఫాబాద్ దాకా గూడేలు సంబరపడ్డాయి. ఆయన ఎందరో యువకులకు గుస్సాడి నేర్పారు. 2024 అక్టోబరులో, దీపావళి కొద్ది రోజుల్లో ఉందనగా, ఆయన కన్నుమూశారు. దండారి బృందాలు ఆ ఏడు కూడా ఊళ్లు తిరిగాయి.

మనం చేయగలిగినది

పెన్షనరు మిత్రులారా, మనలో చాలామందికి ఆ ప్రాంతంలో 5 ఏళ్లో, 10 ఏళ్లో సర్వీసు ఉంది. మన ఇళ్లలో, సర్వీసు రిజిస్టరు నకళ్లు, పింఛను ఆర్డర్ల అడుగున, వార్షికోత్సవాల ఫొటోలు, జాతర డ్యూటీ ఉత్తర్వులు, ఆహ్వాన పత్రికలు, ఆనాడు రికార్డు చేసుకున్న క్యాసెట్లు ఉన్నాయి. పిల్లలు ఇల్లు సర్దేటప్పుడు వాటిని పాత కాగితాల వాడికి వేస్తారు. అందులో వారి తప్పు లేదు, వాటిలో ఏముందో మనం చెప్పలేదు.

కనుక నాది ఒక చిన్న విన్నపం. ఆ ఫొటోల వెనుక ఊరు, నెల, సంవత్సరం, ఉన్నవారి పేర్లు పెన్సిలుతో రాయండి. ఒక నకలు మన సంఘానికి ఇవ్వండి. మరొక నకలు ఆ గూడేనికి పంపండి. ఇది రెండోది మరిచిపోకూడదు. తన తాత గుస్సాడి వేషంలో ఉన్న ఫొటో లండన్‌లో ఉండి మనవడి ఇంట్లో లేకపోవడం బాగుండదు. క్యాసెట్లలో పాట ఉంటే ఇంట్లో పిల్లల చేత ఫోనులోకి ఎక్కించండి, వారికి అది నిమిషాల పని.

ఇంకొక మాట. మన సంఘం వార్షిక సమావేశానికి దండారి బృందాన్ని పిలవాలని ఎవరైనా ప్రతిపాదిస్తే నేను ఒక షరతు పెడతాను. వారికి భోజనం మన పంక్తిలోనే పెట్టాలి, ఆటకు సమయం వారే చెప్పాలి, దీపావళికి వారు తిరిగి పిలిస్తే మనం బస్సెక్కి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి కంబళి పరిచి కూర్చోబెడతారు. రాత్రి చలిగా ఉంటుంది కనుక మఫ్లరు, బీపీ మాత్రలు మరిచిపోవద్దు.